పుల్లల్లో ఎన్ని గ్రాములున్నాయిరా?

హైదరాబాదులో ఔటర్ రింగురోడ్డు పక్కన సోలారు పలకల నీడలో 23 కిలోమీటర్ల సైకిలు ట్రాకు ఉంది, 2023లో తెరిచారు. దాని మీద తిరిగి తిరిగి మా మనవడికి కొత్త పిచ్చి పట్టుకుంది. "తాతయ్యా, చక్రాల పుల్లలన్నీ పీకించి సన్నవి వేయిస్తే సైకిలు తేలికైపోద్దంట, నిజమేనా?" అని మా ఊరు నడికుడికి ఫోను.

ఒరేయ్ అబ్బాయ్, ముందు కాటా ఎక్కిద్దాం. మామూలు స్టీలు పుల్ల మందం 2 మిల్లీమీటర్లు, పొడుగు అటూ ఇటుగా 30 సెంటీమీటర్లు. తూకం ఏడు గ్రాముల పైచిలుకు. నీ రెండు చక్రాలకీ కలిపి 64 పుల్లలనుకో, అన్నీ కలిపినా అరకిలో లోపే. నువ్వు చెప్పే ఖరీదైన పుల్లలు రెండు కొసల్లో 2 మిల్లీమీటర్లే ఉంటాయి, నడుము మాత్రం ఒకటిన్నరకు సన్నబడుద్ది. అవి వేయిస్తే మిగిలేది మహా అయితే 160 గ్రాములు. నువ్వూ సైకిలూ కలిసి 83 కిలోలుంటే, అరగంట పట్టే ఎత్తు ఎక్కడంలో నీకు మూడు నాలుగు సెకన్లు కలిసొస్తాయి. సీసాలో నాలుగు గుక్కల నీళ్ళు తక్కువ పోసుకున్నా అంతే లాభం, పైసా ఖర్చు లేకుండా.

"తిరిగే బరువుకు రెండింతల లెక్క గదా" అంటావు. ఆ మాట టైరుకూ రిమ్ముకూ నిజం. అవి అంచున ఉంటాయి, ముందుకూ పోవాలి, చుట్టూ తిరగాలి కూడా. పుల్ల అట్టా కాదు, దాని బరువు ఇరుసు నుంచి అంచు దాకా పరుచుకుని ఉంటుంది. అందుకే దాని లెక్క రెండింతలు కాదు, ఒకటీ ఒకటిలో మూడో వంతు. అదైనా వేగం పెంచేటప్పుడే. ఒకే జోరున పోయేవాడికి ఆ తేడా కూడా ఉండదు.

అయితే పుల్లలో అసలు కత వేరే ఉంది. ఎద్దులబండి చక్రంలో బరువు పడ్డప్పుడు కిందికి వచ్చిన ఆకు గుంజలాగా నిలబడి మోస్తుంది, కనుకే అంత లావు. సైకిలు పుల్లను నేల మీద నిలబెట్టి నొక్కితే విల్లులా వంగిపోద్ది. మరి అదెట్టా మనిషినీ మిరపకాయల బస్తానీ మోస్తోంది? పుల్లలన్నిటినీ ముందే బిగలాగి పెడతారు. మనిషి ఎక్కగానే ఇరుసు కింద ఉన్న నాలుగైదు పుల్లల్లో ఆ బిగువు కాస్త తగ్గుద్ది. ఎంత తగ్గితే అంత బరువు మోసినట్టు! దీన్ని 1808లోనే జార్జి కేలీ అనే ఇంగ్లీషాయన తన ఎగిరే యంత్రం చక్రాల కోసం ఊహించాడు. పుల్లలు ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటుకుంటూ పోయే అల్లికకు జేమ్స్ స్టార్లీ అనే ఇంకో ఇంగ్లీషాయన 1874లో పేటెంటు తీసుకున్నాడు.

ఇప్పుడు విను. చక్రం ఒక చుట్టు తిరిగితే ప్రతి పుల్లా ఒకసారి వదులై మళ్ళీ బిగుస్తుంది. మా పెద్ద సైకిలుకైతే కిలోమీటరుకు 450 సార్లు. పుల్ల తెగేది బరువుకు కాదు. మంచి స్టీలు పుల్ల ఒక్కటే దాదాపు 300 కిలోల లాగుడుకు ఆగుతుంది. ఈ వదులూ బిగువూ వేలసార్లు, లక్షలసార్లు జరిగి జరిగి, హబ్బు చెవిలో కొక్కెంలా వంగిన చోట లోహం అలిసిపోయి పుటుక్కుమంటుంది. నడుము సన్నగా ఉన్న పుల్ల అదే లాగుడుకు ఎక్కువ సాగుద్ది. బరువు పడ్డప్పుడు పూర్తిగా వదులు కాదు, పక్క పుల్లలకు కూడా భారం పంచుద్ది, వంపు దగ్గర వేధింపు తగ్గుద్ది. సన్నదే ఎక్కువ కాలం మన్నుద్ది, చూశావా చోద్యం! దాన్ని తేలికని చెప్పి అమ్మడం అమ్మేవాళ్ళ తెలివి. తేలిక మాట పక్కన పెట్టి మన్నిక కోసం కొంటానంటే నేనేం కాదనను.

కాకపోతే పుల్ల ఎంత మంచిదైనా బిగించే చెయ్యి సరిగా ఉండాలి. మావైపు సైకిలు షాపుల్లో పాత చేతులు చక్రాన్ని తిప్పి, పక్కన సుద్దముక్క ఆనించి, గీత పడ్డ చోటల్లా పుల్ల కొసనున్న మర, అదే నిపిల్, తిప్పి బెండు తీస్తారు. పుల్లల్ని మీటి చప్పుడు వింటారు. ఒకేవైపు పుల్లలు ఒకే శ్రుతిలో పలికితే బిగువు సమానమన్నమాట. పిడుగురాళ్ళ సున్నపురాయి లారీలు తిరిగి గుంతలు పడ్డ రోడ్ల మీద ఆ పనితనం బయటపడుద్ది.

కాబట్టి బాగున్న చక్రాన్ని విప్పించమాకు. ముందు టైర్లలో గాలి సరిగా పట్టించు. ఎప్పుడన్నా రిమ్ము మార్చాల్సి వస్తే, కూలీ ఎటూ ఇవ్వాలి గనక, అప్పుడు సన్న నడుము పుల్లలు వేయించుకో. డబ్బులు ఒక చక్రానికే సరిపోతే వెనకదానికి వేయించు. నీ బరువులో ఎక్కువ భాగం దాని మీదే పడేది.