మొదటి బూట్‌లోనే సర్వర్ సిద్ధం!

ఎల్లారెడ్డి నుంచి రోజూ బస్సులో కామారెడ్డి వచ్చి డిగ్రీ చదువుతున్నారా? క్లౌడ్ ఉద్యోగం మీద కన్నుందా? అయితే ‘క్లౌడ్-ఇనిట్’ నేర్చుకోండి.

ఒక్క వర్చువల్ మెషీన్ అయితే యూజర్‌ని పెట్టడం, ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేయడం చేత్తోనే కానిచ్చేయొచ్చు. అవే 50 ఉంటే? ఎక్కడో ఒకచోట పొరపాటు దొర్లుతుంది. కిరాణా కొట్లో సరుకుల చీటీ ఇచ్చినట్టు, కావాల్సినవన్నీ ఒక యామల్ ఫైల్‌లో రాసిస్తే చాలు. మెషీన్ మొదటిసారి ఆన్ కాగానే క్లౌడ్-ఇనిట్ ఆ పనులన్నీ చేసిపెడుతుంది. ఉబుంటును రూపొందించే కెనానికల్ సంస్థ మొదలుపెట్టిన ఈ ఓపెన్ సోర్స్ టూల్ అమెజాన్, అజూర్, గూగుల్ క్లౌడ్‌లలోనూ పనిచేస్తుంది.

సాధనకు క్లౌడ్ ఖాతా అక్కర్లేదు. మీ ల్యాప్‌టాప్‌లో ఉచితంగా దొరికే ‘మల్టీపాస్’ వేసుకోండి.

ఇవి మరవొద్దు:

- మొదటి లైన్‌లో హ్యాష్ గుర్తు, దాన్ని ఆనుకునే ‘క్లౌడ్-కాన్ఫిగ్’ అని ఉండాలి.
- ట్యాబ్ వాడొద్దు, స్పేస్‌లే ఇవ్వండి.
- పాస్‌వర్డ్‌కు బదులు ఎస్‌ఎస్‌హెచ్ పబ్లిక్ కీ పెట్టండి.
- ఫైల్ మార్చాక రీస్టార్ట్ చేస్తే సరిపోదు. చాలా పనులు మొదటి బూట్‌లోనే జరుగుతాయి కాబట్టి కొత్త మెషీన్‌తో పరీక్షించండి.

ఇంటర్వ్యూలో ‘సర్వర్ సెటప్ వచ్చా?’ అంటే ‘వచ్చు సార్’ అని ఊరుకోకండి. గిట్‌హబ్‌లో మీరు రాసిన ఫైల్ చూపించండి.