నాయన భుజం కోసం... అంబాసిడర్‌కి పవర్ స్టీరింగ్!

కిందటి సంక్రాంతికి బెంగళూరు నుంచి అల్లూరు వెళ్లేసరికి, వాకిట్లో మా అంబాసిడర్ మీద టార్పాలిన్ కప్పి ఉంది. వానాకాలంలో తప్ప ఎప్పుడూ కప్పని టార్పాలిన్ అది. ‘ఏంది నాయనా, బండి తీయటం లేదా?’ అని అడిగితే, ఆయన కుడి చెయ్యి భుజం దాకా ఎత్తి, ఇంకా పైకి లేవక ఆపేశాడు. ‘స్టీరింగ్ తిప్పలేకపోతుండానబ్బయ్యా. ఎవరన్నా అడిగితే ఇచ్చేద్దాం’ అన్నాడు.

ఇచ్చేద్దాం అంటే పాత ఇనుముకి. 1994లో సెకండ్ హ్యాండ్‌లో కొన్న మార్క్ 4 డీజిల్ బండి అది. రొయ్యల చెరువులు మా వైపు ఊపందుకున్న రోజులు. వ్యాపారుల్ని ఇసకపల్లి, విడవలూరు వైపు తిప్పడం, పేషెంట్లని అర్ధరాత్రి మద్రాసుకు తీసుకెళ్లడం, పెళ్లిళ్లకి తిరుపతి ట్రిప్పులు... నా ఇంజినీరింగ్ ఫీజులు కూడా ఆ బండి మీద వచ్చినవే. మా నాయనకు షుగర్ ఉంది. షుగర్ ఉన్నవాళ్లకి భుజం పట్టేయడం మిగతావాళ్ల కంటే ఎక్కువట. నిలబడి ఉన్న అంబాసిడర్ చక్రాల్ని తిప్పడానికి కావాల్సింది సరిగ్గా ఆ భుజమే.

కొత్త కారు కొనిస్తానన్నా. ‘నాకెందుకురా’ అన్నాడు. అప్పుడు వచ్చిన ఆలోచనే ఇది. బండిని మార్చడం ఎందుకు, స్టీరింగ్‌ని మారిస్తే పోలా?

అసలు ఎందుకంత బరువు?

స్టీరింగ్ చక్రం ఒక మీట లాంటిది. చక్రం ఎంత పెద్దదైతే మన చేతికి అంత తేలిక. పాత కార్ల స్టీరింగ్‌లు పళ్లెమంత ఉండటానికి కారణం అదే. బండి కదులుతుంటే టైరు దొర్లుతూ తిరుగుతుంది కాబట్టి తేలిక. ఆగి ఉన్నప్పుడు మాత్రం టైరు నేలకి రాసుకుంటూ తిరగాలి. డీజిల్ ఇంజిన్ బరువంతా ముందు టైర్ల మీదే ఉంటుంది. అందుకే హైవే మీద హాయిగా పోయే అంబాసిడర్, మా సందులో రివర్స్ తీసేటప్పుడు చుక్కలు చూపిస్తుంది.

ఈ బాధకు మందు కనిపెట్టింది అమెరికా ఇంజినీర్ ఫ్రాన్సిస్ డేవిస్. 1926లోనే ఒక పియర్స్ ఆరో కారుకి ఆయిల్ ఒత్తిడితో పనిచేసే పవర్ స్టీరింగ్ బిగించి చూపించాడు. మార్కెట్లో అమ్మే కారులో అది రావడానికి మాత్రం 1951 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాది క్రైస్లర్ తన ఇంపీరియల్ కారులో పెట్టింది. ఆయిల్ పంపు అవసరం లేకుండా కరెంటు మోటారుతో పనిచేసే రకం 1988లో జపాన్‌లో సుజుకి సెర్వో అనే బుల్లి కారులో వచ్చింది.

మన తెలుగువాళ్లకి దీంతో ఒక ముచ్చట ఉంది. 1982లో ఎన్టీఆర్ రాష్ట్రమంతా తిరిగిన చైతన్యరథం గుర్తుందా? అది మార్పులు చేసిన పాత షెవ్రొలే వ్యాన్, 1940 మోడల్. అంటే పవర్ స్టీరింగ్ కార్లలోకి రాకముందు తయారైంది. దాన్ని ఊరూరా తిప్పింది హరికృష్ణ. ఆ స్టీరింగ్ వెనక ఆయన భుజాలు ఎంత కష్టపడి ఉంటాయో మా నాయన లాంటి డ్రైవర్లకే తెలుస్తుంది.

ఇక అంబాసిడర్ సంగతి. బ్రిటన్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ డిజైన్‌తో 1958 నుంచి బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారై, 2014 మేలో ఆగిపోయింది. చివరి రోజుల్లో వచ్చిన కొన్ని మోడళ్లకి కంపెనీయే పవర్ స్టీరింగ్ ఇచ్చింది. మా మార్క్ 4కి ఆ అదృష్టం లేదు.

ఆయిలా? కరెంటా?

దారులు రెండు. మొదటిది హైడ్రాలిక్. ఇంజిన్‌కి బెల్టుతో ఒక పంపు తగిలించి, ఆ ఆయిల్ ఒత్తిడితో చక్రాలు తిప్పడం. దీనికి పంపు, పైపులు, వేరే ర్యాక్ అన్నీ కావాలి. పాత డీజిల్ ఇంజిన్ మీద పంపు కూర్చోడానికి చోటు వెతుక్కోవాలి. పైగా స్టీరింగ్ తిప్పినా తిప్పకపోయినా ఆ పంపు ఇంజిన్ శక్తిని తింటూనే ఉంటుంది. మా బండి ఇంజిన్‌కి ఉన్న శక్తే అంతంత మాత్రం.

రెండోది ఎలక్ట్రిక్. డ్యాష్‌బోర్డు కింద స్టీరింగ్ రాడ్ మీదే ఒక మోటారు ఉంటుంది. రాడ్ మధ్యలో సన్నటి స్ప్రింగు కడ్డీ. మనం తిప్పగానే అది రవ్వంత మెలి తిరుగుతుంది. ఎంత మెలి తిరిగిందో సెన్సర్ చూసి, కంట్రోల్ బాక్సుకి చెబుతుంది. దాన్నిబట్టి మోటారు సాయం పడుతుంది. తిప్పనప్పుడు కరెంటు దాదాపు తీసుకోదు. కింద ఉన్న ర్యాక్‌ని కదపక్కర్లేదు. మారుతి చిన్న కార్లలో ఏళ్ల తరబడి వాడుతున్న పద్ధతి ఇదే. ఇంగ్లండ్‌లో పాత మోరిస్ మైనర్లకి కూడా ఇలాగే పెట్టుకుంటున్నారు. అక్కడ వాళ్లు ఎక్కువగా వాడేది కోర్సా కారు స్టీరింగ్.

నేను ఎలక్ట్రిక్ వైపే మొగ్గాను. చెన్నై పుదుపేటలో పాత కార్ల సామాన్ల అంగళ్లన్నీ ఒక రోజంతా తిరిగి, మోటారు, సెన్సర్, కంట్రోల్ బాక్సు, వైరింగ్ ఒకే బండిలోంచి తీసిన సెట్టు కొన్నాను. విడివిడిగా కొంటే ఒకదానికొకటి పొసగవు.

నాయన బండి కిందకి దూరిన రోజు

ఊరికి దగ్గర్లోని ఒక వర్క్‌షాప్‌కి ఇచ్చాను. రెండు రోజుల్లో పని అయిపోయిందన్నారు. సంబరంగా తోలుకొచ్చాను. వేలితో తిప్పితే తిరుగుతోంది స్టీరింగ్! అమ్మని వెనక కూర్చోబెట్టుకుని ఇసకపల్లి బీచ్ దాకా పోయొచ్చాను.

నాయన మాత్రం ఎక్కలేదు. టార్చిలైటు తీసుకుని, పట్టేసిన భుజంతోనే బండి కిందకి దూరాడు. పది నిమిషాల తర్వాత బయటికొచ్చి, చేతులు తుడుచుకుంటూ అడిగాడు. ‘రెండు రాడ్లు ఎదురెదురుగా పెట్టి అతికించారు. చూశావా?’

చూళ్లేదు. మారుతి రాడ్డు చివర పళ్లు వేరు, అంబాసిడర్ రాడ్డు చివర పళ్లు వేరు. రెంటినీ కలపడానికి వాళ్లు కొసలు కోసి, ఆనించి, వెల్డింగ్ కొట్టి, పైన నల్ల పెయింట్ వేశారు.

‘ఇంజిన్ ఆగితే బండి ఆగుద్ది, అంతే గదా. బ్రేకు పోతే గేరుంది, హ్యాండ్ బ్రేకుంది. స్టీరింగ్ ఊడితే నీ దగ్గర ఏముందిరా? అమ్మని ఎక్కించుకుని పోయినావు గదా...’ అని ఆగిపోయాడు. నాకు నోట మాట రాలేదు. నా కోడ్‌లో తప్పుంటే రాత్రికి రాత్రి పాత వెర్షన్‌కి వెళ్లిపోవచ్చు. రోడ్డు మీద అట్టాంటి అవకాశం ఉండదు.

మర్నాడు బండిని లారీ మీద ఎక్కించి నెల్లూరు ఆటోనగర్‌కి తీసుకెళ్లాను. అక్కడ నాయనకి పాత పరిచయం ఉన్న మేస్త్రీ, ఆ అతుకున్న రాడ్డుని వైస్‌లో బిగించి, ఇంకో కొసకి పొడుగాటి పైపు తొడిగి ఒక్క గుంజు గుంజాడు. వెల్డింగ్ అంచున వెంట్రుక లాంటి పగులు. ఆ పగులు ఫొటో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది.

సరైన పని ఎలా ఉంటుందంటే...

భాయ్ మోటారు జోలికి వెంటనే పోలేదు. ముందు చక్రాలు లేపి చూశాడు. గ్రీజు ఎండిపోయింది. టైరాడ్ ఎండ్లు అరిగాయి. టైర్లలో గాలి తక్కువ. అలైన్‌మెంట్ ఎప్పుడు చేయించామో ఎవరికీ గుర్తులేదు. ఇవన్నీ సరిచేసేసరికి స్టీరింగ్ బరువు మోటారు లేకుండానే బాగా తగ్గింది! పాత కారున్న ప్రతి ఒక్కరికీ నేను చెప్పే మొదటి మాట ఇదే. ముందు ఇవి చూడండి, చాలామందికి అసలు మోటారే అక్కర్లేకపోవచ్చు. పైగా మోటారు పెట్టాక ర్యాక్, జాయింట్ల మీద బలం పెరుగుతుంది. అరిగిన వాటి మీద మోటారు పెడితే ప్రమాదాన్ని కొని తెచ్చుకున్నట్టే.

తర్వాత లేత్ మీద ఒక కప్లింగ్ తిప్పించాడు. ఒక కొస మారుతి పళ్లకి, ఇంకో కొస అంబాసిడర్ పళ్లకి సరిపోతుంది. రెండువైపులా ఆరపార బోల్టు, ఊడకుండా లాక్ నట్టు. కాలమ్‌ని డ్యాష్‌బోర్డు రేకుకి కాకుండా, బాడీకి గట్టి బ్రాకెట్‌తో బిగించాడు. లేకపోతే మోటారు బలానికి కాలమే మెలి తిరుగుతుంది.

కరెంటు సంగతి నా వంతు. ఆగి ఉన్నప్పుడు పూర్తిగా తిప్పితే మోటారు పదుల ఆంపియర్లు లాగుతుంది. డైనమో ఉన్న పాత బండ్లకి ముందు ఆల్టర్నేటర్ వేయాల్సిందే. మా బండికి అది ఎప్పుడో మార్చారు. బ్యాటరీ నుంచి విడిగా లావుపాటి వైరు, దానికి సొంత ఫ్యూజు పెట్టాం. అన్నిటికంటే ముఖ్యం, ఫ్యూజు పీకేసి నడిపి చూడటం. మోటారు చచ్చిపోయినా స్టీరింగ్ పాత బరువుతోనైనా తిరగాలి. తిరిగింది.

నా చేతి దురద

కొత్త కార్లలో వేగం పెరిగేకొద్దీ మోటారు సాయం తగ్గుతుంది. అంబాసిడర్‌లో ఆ వేగం సిగ్నల్ లేదు. దాంతో హైవే ఎక్కి 60 దాటగానే స్టీరింగ్ గాల్లో తిప్పినట్టు ఉంది. చిన్న బోర్డు మీద కోడ్ రాసి, నకిలీ సిగ్నల్ ఇచ్చేద్దామని చెయ్యి దురద పెట్టింది. ఒక రాత్రి కూర్చుని సగం రాశాను కూడా. మా నాయన మాట గుర్తొచ్చి ఆపేశాను. నా ప్రోగ్రాం హైవే మీద హ్యాంగ్ అయితే? దాని బదులు, ఈ పనికే తయారుచేసిన చిన్న బాక్సు తెప్పించాం. దానికో నాబ్ ఉంటుంది. సాయం ఎంత కావాలో అంతకి తిప్పి పెట్టుకోవచ్చు.

చట్టం ఏమంటుంది?

ఇది చాలామంది వదిలేసే సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండి మార్పుల మీద ఆంక్షలు పెడుతుంది. కంపెనీ ఇచ్చిన మూల వివరాలకి విరుద్ధంగా మార్పులు కూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. అందుకే పని మొదలుపెట్టకముందే రవాణా శాఖ ఆఫీసులో అడగండి. ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి. చెప్పకుండా చేస్తే, రేపు ఏదన్నా జరిగినప్పుడు క్లెయిమ్ దగ్గర ఇబ్బంది పడేది మనమే. 50 ఏళ్లు దాటిన బండ్లకి 2021లో వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు వచ్చాయి. ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్చని వాటికే అది. అంత పాత బండి ఉంటే ముట్టుకోకపోవడమే మేలు. తీసేసిన పాత కాలమ్‌ని మాత్రం ఎవరూ అమ్ముకోకండి. మాది గోనెసంచిలో చుట్టి అటక మీద ఉంది.

నాబ్ ఎక్కడుంది?

మొత్తం ఖర్చు 30 వేలు దాటింది. అందులో మొదటి వర్క్‌షాప్‌కి పోసింది దండగ. మిగతాది కాదు.

ఉగాది రోజు పొద్దున్నే నాయన తానే టార్పాలిన్ తీశాడు. సందులోంచి రివర్స్ తీసి, మూల దగ్గర ఒక్క పట్టులో తిప్పి, రోడ్డెక్కాడు. భుజం ఎత్తాల్సిన పనే పడలేదు. నెల్లూరు దాకా ఆయనే తోలాడు. నేను పక్క సీట్లో కూర్చున్నాను. సగం దారిలో మొహం చిట్లించి, ‘రోడ్డు చేతికి తెలియటంలా అబ్బయ్యా’ అన్నాడు. బండి పక్కన ఆపి, నాబ్‌ని కాస్త కిందకి తిప్పాడు. మళ్లీ బయల్దేరాం.

పోయినసారి ఇంటికెళ్లినప్పుడు చూశాను. నేను సగంలో పెట్టొచ్చిన నాబ్ పావు వంతు దగ్గరుంది. భుజం కాస్త నయమైందో, రోడ్డు చేతికి తగలడమే ఆయనకి ముఖ్యమో తెలియదు. నేనైతే ఆ నాబ్ ముట్టుకోలేదు.