హవానా నగరమున కూరమళ్లు

సోవియట్ సమాఖ్య 1991లో విచ్ఛిన్నమైనప్పుడు, దానికి చక్కెర నెగుమతి చేసి పెట్రోలును, ఎరువులను, యంత్రములను తెప్పించుకొనుచు దాదాపు మూడు దశాబ్దములు గడపిన క్యూబా ద్వీపమున, దుక్కి దున్ను ట్రాక్టరును, పంటను పట్టణమునకు చేర్చు లారీయు ఒక్కసారిగా మూలబడినవి. 1962 నుండి రేషను పుస్తకమే ఆధారముగా బ్రతికిన కుటుంబములకు ఆ సరకులును చాలవయ్యెను. 1992, 1993 సంవత్సరములలో 50 వేలమందికి పైగా జనులు చూపు మందగించియు, కాళ్లు తిమ్మిరెక్కియు బాధపడిరి. విటమినుల లోపము దానికి ముఖ్యకారణమని వైద్యులు గుర్తించిరి.

పల్లెనుండి కూర తెచ్చుటకు బండి నడువనప్పుడు, ఆ కూరను తినువాని యింటి ప్రక్కనే పండించుట తప్ప 20 లక్షల జనము గల హవానాకు గత్యంతరము లేకపోయినది. చెత్తకుప్పలతో నిండిన ఖాళీ స్థలములను ఇరుగుపొరుగువారు శుభ్రపరచిరి; ప్రభుత్వము వెల గొనక వానిని సాగుదారుల అనుభవమున కొసగెను. రాళ్లురప్పలతో నిండిన నగరపు నేలలో వేరు దిగదు కనుక, పెంకులతోను సిమెంటు పలకలతోను గట్లు కట్టి, వానిలో మట్టియు, వానపాముల ఎరువును, కుళ్లిన చెత్తయు కలిపి నింపిరి. ఇట్టి ఎత్తుమళ్లను అచట ‘ఆర్గానోపోనికో’లందురు. పురుగులను మరలించుటకు మడి కొసలయందు మొక్కజొన్న, బంతి నాటుదురు. మనకు చిరపరిచితమైన వేపయే అక్కడను పురుగుమందు.

నగరమునకు తూర్పున, బహుళాంతస్థుల భవనముల నడుమ, 1997లో కొలదిమందితో ఆరంభమైన అలమార్ సహకార క్షేత్రము సుమారు 10 హెక్టార్లకు, అనగా 25 ఎకరములకు విస్తరించి, నూరుమందికి పైగా సభ్యులకు జీవనాధారమైనది. ఉదయము కోసిన ఆకుకూరలను ద్వారమువద్దనే పొరుగువారికి విక్రయించి, వచ్చిన లాభమును సభ్యులు పంచుకొందురు. తమ పంటలో కొంత భాగమును సమీపమునందలి పాఠశాలలకును వృద్ధాశ్రమములకును అందించిన తోటలును కలవు. ఉద్యోగవిరమణానంతరము పలువురు వృద్ధులు ఈ మళ్లలో పని చేయుట నాకు విశేషముగా గౌరవపాత్రమని తోచును. కరవు వేళ నిరుపయోగులుగా మిగిలిపోవలసిన చేతులే అచట పదిమందికి కూడు పెట్టినవి.

ఐనను ఈ తోటలే దేశమును పోషించినవనుట అతిశయోక్తి. బియ్యము, నూనె మొదలగునవి నేటికిని అధికభాగము దిగుమతులే. ఇటీవల అచట ఆహారకొరత మరల తీవ్రమైనది. గంపెడు మట్టిలో వరి పండించి నగరము నంతను పోషించుట ఎవరికిని సాధ్యము కాదు. అన్నము, చిక్కుడు గింజలు, మాంసము తప్ప ఆకుకూరలను అంతగా ఆదరింపని ఆ ప్రజలకు, నడచిపోవు దూరములో తాజా పాలకూరయు ముల్లంగియు దొరకునట్లు చేయుట మాత్రము ఈ మళ్ల వలననే సాధ్యమైనది.