ఖండాన్ని దాటారు... ఇల్లు చేరలేదు

1860 ఆగస్టు 20. మెల్‌బోర్న్ నగరంలోని రాయల్ పార్క్ తిరనాళ్లలా ఉంది. పదిహేను వేల మంది దాకా జనం. అందరి కళ్లూ ఒంటెల మీదే. ఆస్ట్రేలియా గడ్డ మీద ఒకేచోట ఇన్ని ఒంటెలను అంతకుముందు ఎవరూ చూడలేదు. 26 ఒంటెలు, 23 గుర్రాలు, ఆరు బండ్లు, పంతొమ్మిది మంది మనుషులు. సామాను బరువే ఇరవై టన్నులు. అందులో దేవదారు పలక వేసిన ఓక్ బల్ల ఉంది, కుర్చీలున్నాయి, రాకెట్లున్నాయి, చైనా గంట ఉంది, ఒంటెలకు తాగించడానికి అరవై గ్యాలన్ల రమ్ము కూడా ఉంది! ఊరు దాటకముందే, పార్కులోనే ఒక బండి విరిగింది.

దక్షిణ తీరం నుంచి ఉత్తర తీరానికి ఖండాన్ని నిలువునా దాటి రావాలి. దారి సుమారు 3,200 కిలోమీటర్లు. ఆ నడిమి భూభాగంలో ఏముందో తెల్లవాళ్లలో ఎవరికీ తెలియదు. ఎడారి అన్నారు కొందరు, లోపల సముద్రం ఉందన్నారు ఇంకొందరు. బంగారు గనులతో డబ్బు చేసుకున్న విక్టోరియా కాలనీకి పొరుగున ఉన్న దక్షిణ ఆస్ట్రేలియా మీద పోటీ. అక్కడి నుంచి జాన్ మెక్‌డూవల్ స్టూవర్ట్ అనే స్కాట్లండ్ మనిషి అప్పటికే ఉత్తరానికి దారి వెతుకుతున్నాడు. లండన్ నుంచి రాబోయే టెలిగ్రాఫ్ తీగ ఎవరి రాజధానికి ముందు చేరుతుందన్నది కూడా ఈ పందెంలో దాగి ఉంది. ఖర్చుకు వెనకాడకుండా విక్టోరియా రాయల్ సొసైటీ కమిటీ వేసింది. నాయకుణ్ణి ఎన్నుకోవడంలో మాత్రం ఆ శ్రద్ధ కనిపించదు.

రాబర్ట్ ఓహారా బర్క్ ఐర్లండ్‌లో పుట్టాడు, ఆస్ట్రియా సైన్యంలో పనిచేశాడు, విక్టోరియాలో పోలీసు అధికారిగా స్థిరపడ్డాడు. ధైర్యం ఉంది, దూకుడు ఉంది. అడవిలో దారి పట్టుకుని తిరిగిన అనుభవం మాత్రం లేదు. ఆ లోటు కొంత తీర్చినవాడు ఇరవయ్యారేళ్ల విలియం జాన్ విల్స్. సర్వేయరు, నక్షత్రాలు చూసి చోటు లెక్కగట్టగలడు, రోజూ రాసుకునే అలవాటున్నవాడు. ఈ ప్రయాణం గురించి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం అతని చేతిరాతే.

ఒంటెల్లో చాలామటుకు మన వైపు నుంచి వెళ్లినవే. జార్జ్ లాండెల్స్ అనే వ్యాపారి బ్రిటిష్ ఇండియా వాయవ్య సరిహద్దుల్లో వాటిని కొని, కరాచీలో ఓడెక్కించి తెచ్చాడు. వాటిని చూసుకోవడానికి దోస్త్ మహమ్మద్, బెలూచ్ వంటి మనుషులనూ వెంటబెట్టుకొచ్చాడు. వాళ్లలో శామ్లా అనే హిందువు కూడా ఉన్నాడు. శిబిరంలో పెట్టే మాంసం తిండి సరిపడక, బయల్దేరిన కొన్నాళ్లకే పని మానేసి వెళ్లిపోయాడు. ఆ తర్వాత జరిగింది చూస్తే, ఈ దండు మొత్తంలో వేళకు తప్పుకున్నవాడు అతనే అనిపిస్తుంది.

డార్లింగ్ నది ఒడ్డున మెనిండీ చేరడానికే రెండు నెలలు పట్టింది. తపాలా బండి అదే దూరాన్ని వారం పైచిలుకులో చుట్టేసేది. దారిలో రమ్ము మీద గొడవ, ఒంటెల మీద గొడవ. లాండెల్స్ రాజీనామా చేశాడు, వెనకే దండులోని డాక్టరూ చేశాడు. స్టూవర్ట్ ఎక్కడ ముందుంటాడోనన్న తొందరలో బర్క్ దండును చీల్చాడు. సామానుతో వెనక రమ్మని విలియం రైట్ అనే స్థానికుడికి చెప్పి, కొందరితో ముందుకు కదిలాడు. రైట్ కదలడానికి జనవరి చివరిదాకా పట్టింది.

నవంబరులో కూపర్ వాగు చేరారు. అది ఎడారి మధ్య నీటి మడుగుల బారు. అక్కడ విలియం బ్రాహె అనే యువకుణ్ణి కాపలా పెట్టి, మూడు నెలలు చూడమన్నాడు బర్క్. నాలుగు నెలలు ఆగమని విల్స్ చాటుగా బతిమాలుకున్నాడు. డిసెంబరు 16న నలుగురు బయల్దేరారు: బర్క్, విల్స్, పూర్వం ఇండియాలో బ్రిటిష్ సిపాయిగా ఉన్న జాన్ కింగ్, ఓడల్లో పనిచేసిన చార్లీ గ్రే. ఆరు ఒంటెలు, బిల్లీ అనే గుర్రం, మూడు నెలల తిండి.

ఎండాకాలం నడిమధ్యన, దాదాపు ఆగకుండా నడిచారు. 1861 ఫిబ్రవరిలో ఉత్తర తీరం దగ్గరికొచ్చారు. వాగు నీళ్లు ఉప్పగా ఉన్నాయి, ఆటుపోట్లకు ఎక్కుతూ దిగుతూ ఉన్నాయి. కానీ ముందున్నవి మడ అడవులు, బురద. కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉన్న సముద్రాన్ని కళ్లతో చూడకుండానే వెనక్కి తిరిగారు. చేతిలో మిగిలిన తిండి మూడో వంతు.

తిరుగు దారంతా వాన, బురద, ఆకలి. ఒంటెలను ఒక్కొక్కటిగా చంపి తిన్నారు, చివరికి బిల్లీనీ తిన్నారు. పిండి దొంగిలించాడని గ్రేని బర్క్ కొట్టాడు. ఒంట్లో బాగాలేదని గ్రే అంటుంటే నటిస్తున్నాడనుకున్నారు. ఏప్రిల్ 17న అతను చనిపోయాడు. చేతుల్లో సత్తువ లేక గుంత తవ్వడానికే ఒక రోజు పట్టింది.

ఏప్రిల్ 21 సాయంత్రం ముగ్గురూ కూపర్ వాగు చేరారు. శిబిరం ఖాళీ. అక్కడి కూలిబా చెట్టు బెరడు చెక్కి, కింద తవ్వమని రాసి ఉంది. తవ్వితే కొంత తిండి, ఒక ఉత్తరం. బ్రాహె ఆ ఉదయమే వెళ్లిపోయాడు! నాలుగు నెలలు దాటి ఎదురుచూశాడు. తోటివాడు జబ్బుపడ్డాడు, రైట్ జాడ లేదు, ఇక ఆగలేక కదిలాడు. మధ్యలో తేడా తొమ్మిది గంటలు. ఆ రాత్రి బ్రాహె మకాం అక్కడికి పాతిక కిలోమీటర్ల లోపే.

ఈ తొమ్మిది గంటల కథనే ఆస్ట్రేలియా నూట అరవై ఏళ్లుగా చెప్పుకుంటోంది. విధి ఆడిన నాటకంలా చెప్పడానికి బాగుంటుంది కూడా. కానీ వాళ్ల ప్రాణం తీసింది ఆ తొమ్మిది గంటలు కాదు. తర్వాత వాళ్ల ముందు ఇంకా రెండు నెలలున్నాయి, చుట్టూ మనుషులున్నారు.

వచ్చిన దారిన మెనిండీ వైపు పోదామని విల్స్, కింగ్ అన్నారు. బర్క్ ఒప్పుకోలేదు. నైరుతి దిక్కున 240 కిలోమీటర్ల దూరంలోని మౌంట్ హోప్‌లెస్ దగ్గర పశువుల పెంపకందారుల మకాం ఉంటుందని అటు నడిపించాడు. తిండి తీసుకున్న గుంతను మళ్లీ ఎప్పటిలా పూడ్చారు. లోపల ఉత్తరం పెట్టారు గానీ చెట్టు మీద కొత్త గుర్తు ఏదీ చెక్కలేదు. మే 8న బ్రాహె, రైట్ కలిసి మనసాగక వెనక్కి వచ్చి చూశారు. గుంత పెట్టింది పెట్టినట్టే కనిపించింది. తవ్వి చూడకుండానే వెళ్లిపోయారు. ఆ నెలాఖరులో విల్స్ తన పుస్తకాలు దాచడానికి అదే చోటికి వచ్చాడు. అతనికీ ఎవరూ వచ్చి వెళ్లిన ఆనవాలు దొరకలేదు.

ఈలోగా మిగిలిన రెండు ఒంటెల్లో లాండా బురదలో కూరుకుపోయింది, రాజా నీరసించి పోయింది. నీళ్లు మోసే జంతువు లేక వాగు వదిలి కదలడం కుదరలేదు.

ఆ వాగు యాండ్రువాంధా ఆదివాసుల నేల. వాళ్లక్కడ తరతరాలుగా చేపలు పట్టుకుని, నార్డూ అనే మొక్క కాయలు దంచుకుని బతుకుతున్నారు. నార్డూ మన వరిమళ్లలో నాలుగాకులతో కనిపించే నీటి మొక్కకు దగ్గర చుట్టం. వాళ్లు ఈ ముగ్గురికీ చేపలిచ్చారు, నార్డూ రొట్టెలిచ్చారు. బర్క్‌కు అది నచ్చలేదు. ఒక గుడ్డ ముక్క గొడవలో తుపాకీ పేల్చాడు. ఇంకోసారి వాళ్లు తెచ్చిన చేపలను చేతుల్లోంచి కొట్టి పడేయమని కింగ్‌ను పురమాయించాడు. జనం దూరం జరిగారు. ముగ్గురూ సొంతంగా నార్డూ ఏరుకుని దంచుకు తిన్నారు. కడుపు నిండుతున్నా ఒళ్లు కరిగిపోతోందని విల్స్ ఆశ్చర్యపోతూ రాసుకున్నాడు. ఆ కాయల్లో విటమిన్ బి1ను నాశనం చేసే పదార్థం ఉంటుంది. నీళ్లు కలిపి నూరే స్థానికుల పద్ధతిలో దాని కీడు తగ్గుతుందని, వీళ్లు ఆ పద్ధతి పాటించక బెరిబెరి వాతపడ్డారని తర్వాతి శాస్త్రవేత్తల అంచనా.

జూన్ చివర్లో విల్స్, ఆ వెంటనే బర్క్ పోయారు. ఒంటరిగా మిగిలిన కింగ్ యాండ్రువాంధాల దగ్గరికి వెళ్లాడు. పిట్టలు కొట్టి ఇచ్చాడు, ఒకామె చేతి పుండుకు మందు వేశాడు. వాళ్లు గుడిసెలో చోటిచ్చి తిండి పెట్టారు. సెప్టెంబరు 15న ఆల్‌ఫ్రెడ్ హోవిట్ వెతుకులాట బృందం వచ్చేదాకా అలాగే బతికాడు. తర్వాత కమిటీ ఆ జనానికి కృతజ్ఞతగా ఇత్తడి బిళ్లలు చెక్కించి పంపింది. వెనక సామానుతో ఆగిపోయిన దండులోనూ నలుగురు పోయారు. మొత్తం ఏడు చావులు.

1863 జనవరి 21న మెల్‌బోర్న్ బర్క్, విల్స్‌లకు ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు చేసింది. సరిగ్గా అదే రోజు అడిలైడ్ వీధుల్లో స్టూవర్ట్‌కు ఊరేగింపు. అతను ఉత్తర తీరంలో సముద్రపు నీళ్లు తాకి, జబ్బుతో కదల్లేకపోయినా, తన మనుషుల్లో ఒక్కరినీ పోగొట్టుకోకుండా తిరిగొచ్చాడు. 1872లో ఖండం నడుమ వేసిన టెలిగ్రాఫ్ తీగ చాలామటుకు అతని అడుగుజాడల్లోనే సాగి అడిలైడ్‌కు చేరింది.