పల్నాటి మొక్కలు, పేర్లు: కొన్ని అపోహలు

పల్నాటివారి పౌరుషమునకు మిరపకాయయే మూలమనుమాట మాచెర్ల, గురజాల ప్రాంతముల రచ్చబండలయొద్ద తరచుగా వినవచ్చును. పరిహాసముగా నారంభించినవారు సైతము క్రమముగా దానిని చరిత్రముగా నమ్మజొచ్చిరి. కారెంపూడియొద్ద నాగులేటి యొడ్డున పన్నెండవ శతాబ్దమున జరిగిన సమరమును, బాలచంద్రుని తెగువను, బ్రహ్మనాయుడు కులభేదము పాటింపక యందఱిని ఒక్క పంక్తిని గూర్చుండబెట్టి పెట్టెనని చెప్పు చాపకూటిని తలచుకొన్నప్పుడెల్ల, ఎఱ్ఱని కారపుముద్ద కూడ నచ్చట నున్నట్లే మన మూహింతుము. ఆ చాపకూటిలో మిరపకాయ యుండుటకు వీలులేదు. మిరప అమెరికా ఖండపు మొక్క. 1492లో కొలంబసు ఆవలి తీరము జేరిన పిమ్మట, పదునాఱవ శతాబ్దమున పోర్చుగీసు వర్తకుల యోడలపై మన దేశమున దిగినది. పల్నాటి వీరచరిత్రను ద్విపదగా రచించిన శ్రీనాథుడు సైతము దానిని రుచిచూచి యుండడు. అంతకుముందు మన వంటలకు కారము మిరియములవలనను అల్లమువలనను గలిగెడిది.

శ్రీనాథుని పేర చెలామణియగు చాటువులలో పల్నాడనగా రాళ్ళును జొన్నకూడును. ఈ వెక్కిరింతకు నొచ్చుకొనువారును గలరు, గర్వించువారును గలరు. ఉభయులును జొన్న ఈ నేలతోడనే పుట్టినదని తలంతురు. జొన్నకు పుట్టినిల్లు ఆఫ్రికా. వేలయేండ్లకు పూర్వమే వచ్చి యిచ్చట నెంత పాతుకొనెననగా, నరసరావుపేట చెంత నొక యూరు జొన్నలగడ్డయే యైనది. 1967లో నాగార్జునసాగరు కుడికాలువకు నీరు వదలిన పిదప, వరి, పత్తి, మిరప చేలు ఆ జొన్నచేలను చాలవఱకు తఱిమివేసినవి.

ఎండలకు పేరుమోసిన రెంటచింతలకు రెండు చింతచెట్లవలన నా పేరు వచ్చెనని చెప్పుట వాడుక. ప్రక్కనే రెంటాల యను గ్రామముండగా, దానిని విస్మరించి రెండు చెట్లను వెదకుట తొందరపాటని నా యభిప్రాయము. చింతచెట్టు సంగతియు విచిత్రమే: అరబ్బులు దాని పండును హిందూదేశపు ఖర్జూరమని పిలిచిరి గాని, ఆ వృక్షము తొలుత ఆఫ్రికాదే. కావున ఊరిపేరున గనబడు చెట్టు అచ్చటనే పుట్టెననుటకు ఆ పేరు సాక్ష్యము గాదు. పేరు పెట్టునాటికి జనుల కన్నులయెదుట నిలిచియుండెననుటకు మాత్రమే సాక్ష్యము. దాచేపల్లి ప్రాంతమున కృష్ణయొడ్డున నున్న తంగెడ స్ఫురింపజేయు తంగేడు మాత్రము నిక్కముగా ఈ దేశపు పొద. దాని బెరడుతో తోళ్ళు పదును చేయుట మనవారి కనాదిగా తెలిసిన విద్య.

ఇక సీతాఫలము. నల్లమల వాలులయందు ఎవరును నాటకయే కాచు ఈ ఫలమును వనవాసకాలమున సీతాదేవి యారగించెననియు, అందువలననే యా పేరనియు పెద్దలు చెప్పుదురు. తోడుగా రామాఫలము నుండుటచే కథకు బలము హెచ్చినది. వృక్షశాస్త్రజ్ఞులు రెంటిని అమెరికా ఉష్ణప్రాంతములవిగానే లెక్కింతురు. కథ తప్పయినను, పరదేశమునుండి వచ్చిన పండునకు ఇంటి యాడుబిడ్డ పేరిడి యాదరించిన జనులను నేను తప్పుపట్టజాలను.

అట్టి యాదరము సర్కారు తుమ్మకు దక్కలేదు. పిడుగురాళ్ళ దాపున తుమ్మలచెరువను నూరున్నది. బాటల ప్రక్కల నెక్కడ జూచినను ఈ ముండ్లపొదయే కనబడుటచేత, ఆ యూరి పేరునకు నిదియే కారణమని నేటి బాలురనుకొన్న వింతలేదు. చెరువు లోతట్టున నీట నానియు బ్రదుకగల నల్లతుమ్మ వేఱు. సర్కారు తుమ్మ వేఱు. ఇది మధ్య, దక్షిణ అమెరికాల మొక్క. 1876లో మదరాసు రాజధాని యటవీశాఖలోని బెడ్డోము దొర దీని విత్తనములు తెప్పింపుమని ప్రభుత్వమును గోరగా, పిమ్మట కడప మండలమందలి కమలాపురపు తోటలో నాటిరి. పల్లెజనులు దీనికి దేవతల పేరు పెట్టలేదు. తెచ్చిన ప్రభుత్వమునే పేరున నిలిపిరి. పశువులకాపరులు నేటికిని రెంటిని కలిపి చెప్పరు. పొయ్యిలోనికి మాత్రము సర్కారువారి కట్టెయే యెక్కువగా వచ్చుచున్నది.