సంతకం అడగని రికార్డు కంపెనీ

మా పాట మాది కాదని నాకు ఒక ఆదివారం పొద్దున్న తెలిసింది.

కాలేజీలో మొదలెట్టిన బ్యాండ్ మాది, నలుగురం. బీటెక్ ఫైనలియర్‌లో కట్టుకున్న పాటని ఉద్యోగాలొచ్చాక జీతాల్లోంచి తలా కొంత వేసుకుని హైదరాబాద్‌లో రికార్డు చేయించాం. కొన్నాళ్లకి ఒక మ్యూజిక్ కంపెనీ పిలిచింది. 40 వేలు ఇస్తామంది. 11 పేజీల అగ్రిమెంట్ ముందు పెట్టింది. ఆఫర్ లెటర్ మీద ఎలా సంతకం పెడతామో అలాగే చదవకుండా పెట్టేశాం. రెండేళ్లు గడిచాయి. మా సింగర్ అదే పాటని ఇంట్లో కూర్చుని గిటార్‌తో పాడి యూట్యూబ్‌లో పెడితే కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. రాసింది నేను, పాడింది వాడు. "మామా, మన పాటకి మనమే దొంగలమంటరా!" అని ఫోన్ చేసి నవ్వాడు. నాకైతే నవ్వు రాలేదు.

అప్పుడు, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, మన కాపీరైట్ చట్టం తీసి చదివాను. 19వ సెక్షన్‌లో ఒక మంచి మాట ఉంది. హక్కులు రాసిచ్చే కాగితంలో గడువు రాయకపోతే అది 5 ఏళ్లు అనే అనుకోవాలి. ఏ ప్రాంతానికో రాయకపోతే ఇండియా వరకే. ఇక మా కాగితం తీసి చూస్తే 'శాశ్వతంగా, విశ్వవ్యాప్తంగా' అని రెండూ నిక్షేపంగా రాసి ఉన్నాయి. వాళ్ల లాయరు కూడా ఆ సెక్షన్ చదివే ఉంటాడు కదా.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా రెండో పాట రెడీ అయింది. ఇంకో కంపెనీ అలాంటి కాగితమే పంపింది. ఈసారి 60 వేలు. మా డ్రమ్మర్‌కి జనవరిలో లేఆఫ్‌లో ఉద్యోగం పోయింది. వాడి వాటా 15 వేలంటే ఒక నెల ఇంటి అద్దె. "సైన్ చేసేద్దాం బావా, ఇంకో పాట రాసుకోవచ్చు" అన్నాడు. నేనేమో ప్రాజెక్టు పని మీద అమెరికాలో, వర్జీనియాలో ఉన్నాను. సరేనని అనలేకపోయాను, వద్దని కూడా అనలేకపోయాను.

ఆ వారమే ఆఫీసులో ఒక పెద్దాయన, గిటార్ వాయించే మనిషి, నా గోడు విని "నువ్వుండే చోటికి అరగంట దూరంలో డిస్కార్డ్ రికార్డ్స్ ఉంది, తెలుసా?" అన్నాడు. మా సాఫ్ట్‌వేర్ వాళ్లకి డిస్కార్డ్ అంటే చాటింగ్ యాప్. ఇది అది కాదు. స్పెల్లింగ్‌లో ఒక 'హెచ్' ఎక్కువ. ఆ యాప్ పుట్టడానికి 35 ఏళ్ల ముందు, 1980లో, వాషింగ్టన్ డీసీలో కొందరు హైస్కూల్ కుర్రాళ్లు పెట్టుకున్న కంపెనీ.

కథ ఒక సిగార్ డబ్బాతో మొదలవుతుంది. టీన్ ఐడిల్స్ అని ఒక పంక్ బ్యాండ్ ఉండేది. ఏడాది పాటు అక్కడా ఇక్కడా వాయించారు. వచ్చిన డబ్బు ఎవరూ పంచుకోలేదు, అంతా ఆ డబ్బాలో వేశారు. బ్యాండ్ విడిపోయే నాటికి అందులో సుమారు 600 డాలర్లున్నాయి. నలుగురూ తలా 150 తీసుకుని ఇంటికి పోవచ్చు. అలా కాకుండా, అప్పటికే రికార్డు చేసిపెట్టుకున్న 8 పాటల్ని ఒక చిన్న రికార్డుగా వేద్దామనుకున్నారు. లేని బ్యాండ్‌కి రికార్డన్నమాట! అలా ఇయన్ మెకై, జెఫ్ నెల్సన్, నేథన్ స్ట్రెజ్‌చెక్ కలిసి డిస్కార్డ్ పెట్టారు.

రికార్డు అచ్చేయించడానికే డబ్బు సరిపోయింది. మరి కవరు? ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఒక రికార్డు కవర్ని అతుకులు ఊడదీసి, పరిచి, ఆ కొలతలతోనే కాగితం మీద ప్రింటు వేయించారు. తర్వాత స్నేహితులందరూ కూర్చుని కత్తెరతో కత్తిరించడం, మడవడం, జిగురు పెట్టడం. పెళ్లి కార్డులకి ఇంటిల్లిపాదీ కూర్చుని పసుపు రాస్తారు చూడండి, అలా. ఆ రకంగా వేల కవర్లు చేతులతోనే చేశారు.

ఆ రికార్డు అమ్మితే వచ్చిన డబ్బుతో తర్వాతి బ్యాండ్, దాని డబ్బుతో ఆ పై బ్యాండ్. ఇదే వాళ్ల బిజినెస్ ప్లాన్. రెండో రికార్డుకైతే ఖర్చు పెట్టుకుంది ఆ బ్యాండ్ సింగరే. ఐస్‌క్రీమ్ షాపులో మేనేజరుగా పనిచేసి దాచుకున్న డబ్బు. ఆయనే తర్వాత హెన్రీ రాలిన్స్ పేరుతో పెద్ద గాయకుడయ్యాడు. సొంతంగా రికార్డు వేసుకునేన్ని పాటలు లేని బ్యాండ్ల కోసం 1982లో 11 బ్యాండ్లవి 32 పాటలు కలిపి ఒకే ఎల్పీ తెచ్చారు. మన దగ్గర కొత్త కవులు తలా రెండు కవితలిచ్చి సంకలనం వేసుకుంటారే, అలాంటిదే.

ఇక స్టూడియో సంగతి. నాకు అన్నిటికన్నా నచ్చిన మనిషి ఇక్కడే ఉన్నాడు. డాన్ జియెంటారా. పంక్ ఆయన సంగీతం కాదు, ఆయనది జానపదం పాడే గిటార్. వయసులోనూ ఈ పిల్లలకన్నా పెద్దవాడు. సైన్యంలో పనిచేసి వచ్చి, ఆర్లింగ్టన్‌లో తన ఇంటి బేస్‌మెంట్‌లో 'ఇన్నర్ ఇయర్' అని చిన్న స్టూడియో పెట్టుకున్నాడు. స్కిప్ గ్రాఫ్ అని ఒక రికార్డుల షాపు ఆయన ఈ కుర్రాళ్లని అక్కడికి తీసుకెళ్లాడు. స్టూడియో అనుభవం పెద్దగా లేని పిల్లలు. గొంతు చించుకుని అరుస్తారు, పాట ఒక నిమిషంలో అయిపోతుంది. వేరే ఇంజనీర్ అయితే "ముందు నేర్చుకుని రండి" అనేవాడు. జియెంటారా మైకులు పెట్టి టేపు తిప్పాడు. వాళ్లు ఎలా మోగుతారో అలాగే పట్టాడు.

మేం మొదటి పాట రికార్డు చేసిన చోట ఇంజనీర్ మా డ్రమ్స్ మొత్తం తీసేసి కంప్యూటర్‌లోంచి శాంపిళ్లు వేశాడు. "ఇదే ట్రెండ్ బ్రదర్" అన్నాడు. మా డ్రమ్మర్ ఆ రోజు ఏం మాట్లాడలేదు. ఆ పాటలో వాడు లేడు, అగ్రిమెంట్‌లో మాత్రం ఉన్నాడు. నాకది ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మైనర్ థ్రెట్, ఫుగాజీ లాంటి బ్యాండ్లు ఇన్నర్ ఇయర్‌లోనే రికార్డు చేశాయి. 1990లో స్టూడియో ఇంట్లోంచి పెద్ద చోటికి మారింది. 2021లో ఆ భవనాన్ని కౌంటీ ప్రభుత్వం కొనేసింది, కళల కోసం ఆ ప్రాంతాన్ని అభివృద్ధి చేస్తామని. కళల కోసం స్టూడియో మూతపడింది, అంతకన్నా ఏం చెప్పను.

డిస్కార్డ్ షరతులు వింటే మా 11 పేజీలు గుర్తొచ్చి కడుపు మండింది. రాతకోతల అగ్రిమెంట్ లేదు. లాయర్లు లేరు. డీసీ చుట్టుపక్కల బ్యాండ్లే, అదీ వాళ్లకి తెలిసినవాళ్లే. ఖర్చులు పోగా మిగిలింది పంచుకోవడం. బ్యాండ్‌కి నచ్చకపోతే వెళ్లిపోవచ్చు. నిజంగానే వెళ్లారు. జాబాక్స్ అనే బ్యాండ్ 1994లో అట్లాంటిక్ అనే పెద్ద కంపెనీకి పోయి అక్కడ ఆల్బమ్ చేసింది. మూడేళ్లకి బ్యాండే విడిపోయింది. అదే ఆల్బమ్‌ని 2009లో మళ్లీ తెచ్చింది ఎవరనుకున్నారు? బ్యాండ్ సభ్యుల సొంత లేబులూ, డిస్కార్డూ కలిసి.

పెద్ద కంపెనీకి పోతే ఏమవుతుందో స్టీవ్ ఆల్బినీ అనే రికార్డింగ్ ఇంజనీర్ 1993లో ఒక పత్రికలో లెక్క వేసి చూపించాడు. వ్యాసం కాదది, ఎక్సెల్ షీట్. ఒక ఊహా బ్యాండ్‌కి రెండున్నర లక్షల డాలర్ల అడ్వాన్స్ వస్తుంది. అందులోంచి స్టూడియో, మేనేజరు, లాయరు, వీడియో, టూర్ బస్సు... అన్నీ బ్యాండ్ ఖాతాలోనే. చివరికి ఇండస్ట్రీకి 30 లక్షల డాలర్లు దక్కితే, బ్యాండ్‌లో ఒక్కొక్కడికి మిగిలింది 4,031 డాలర్ల 25 సెంట్లు. పైగా రాయల్టీల్లో కంపెనీకి ఇంకా బాకీ! అడ్వాన్స్ అంటే బహుమతి అనుకుంటాం మనం. అది అప్పుచేసి పప్పుకూడే.

ఇలా అంటున్నానని డిస్కార్డ్‌ని గుళ్లో పెట్టనక్కర్లేదు. నమ్మకం మీద నడిచే పద్ధతి ఒకరికొకరు తెలిసినంత మేరే నడుస్తుంది. డబ్బు కష్టాలూ పడ్డారు. మైనర్ థ్రెట్ రికార్డుకి గిరాకీ పెరిగితే సంతోషించాల్సింది పోయి బెంబేలెత్తారు. డిస్ట్రిబ్యూటర్లు డబ్బు ఎప్పుడో ఇస్తారు, ప్రెస్ వాడికి ముందే కట్టాలి. అప్పుడు లండన్‌లో సదరన్ స్టూడియోస్ నడిపే జాన్ లోడర్ ముందుకొచ్చి, అచ్చు ఖర్చు తను పెట్టుకుని గట్టెక్కించాడు. అమ్ముడుపోయే బ్యాండ్లు రెండు మూడు ఉండబట్టే అమ్ముడుపోనివీ బతికాయి. ఫుగాజీ టికెట్ 5 డాలర్ల దగ్గర ఉంచి, టీషర్టులు కూడా అమ్మకుండా వెయ్యికి పైగా కచేరీలు చేసింది. అలాంటి బ్యాండ్ ప్రతి ఊళ్లో పుట్టదు.

ఇంకో సంగతి. ఆర్లింగ్టన్‌లోనే సింపుల్ మెషీన్స్ అని ఇద్దరమ్మాయిలు, జెన్నీ టూమీ, క్రిస్టిన్ థామ్సన్, ఒక లేబుల్ నడిపేవారు. వాళ్లు రికార్డు ఎలా వేయాలో, ఎక్కడ ఎంత అవుతుందో చిన్న పుస్తకంగా రాసి అడిగినవాళ్లకి పోస్టులో పంపేవారు. తమ వ్యాపార రహస్యాన్ని పోటీదారులకి పంచిపెట్టడమన్నమాట. మా భాషలో చెప్పాలంటే ఓపెన్ సోర్స్.

ఒక శనివారం సిల్వర్ లైన్ మెట్రో ఎక్కి డీసీ వెళ్లాను. అక్కడి మార్టిన్ లూథర్ కింగ్ లైబ్రరీలో పంక్ ఆర్కైవ్ ఉంది, ప్రభుత్వ లైబ్రరీ 2014 నుంచి పోగుచేస్తున్నది. పాత ఫ్లయర్లు, జిరాక్స్ పత్రికలు, రికార్డు కవర్లు. ఒక కవరు అంచు కొంచెం వంకర పోయింది. కత్తెర పట్టినవాడికి నిద్రొస్తోందేమో. చాలాసేపు దాన్నే చూశాను.

ఆ రాత్రి, ఇండియాలో ఆదివారం పొద్దున్న, నలుగురం కాల్‌లో కూర్చున్నాం. నేను ఆల్బినీ లెక్క చెప్పబోతే డ్రమ్మర్ ఆపేశాడు. "బావా, వాళ్లకి అమెరికాలో ఐస్‌క్రీమ్ షాపులో ఉద్యోగముంది. నాకది కూడా లేదు" అన్నాడు. నిజమే. జవాబు దొరకలేదు. కాసేపటికి సింగరే అన్నాడు, "వాడి 15 వేలు మనం ముగ్గురం ఇద్దాం, తలా ఐదు. పాట మీద వచ్చేదాంట్లోంచి తర్వాత తీసుకుందాం."

షీట్ ఒకటి తెరిచాం. దాని పేరు 'సిగార్ డబ్బా'. కంపెనీకి కూడా మెయిల్ పెట్టాం. పాట హక్కులు మా దగ్గరే ఉంటాయి, 5 ఏళ్ల లైసెన్స్ మాత్రం ఇస్తాం, ఇండియా వరకే, 60 వేలు తగ్గించినా పర్లేదు అని. పది రోజులైంది, జవాబు లేదు. డ్రమ్మర్ డబ్బు తీసుకున్నాడు కానీ, మేం చేసింది సరైనదని ఇంకా ఒప్పుకోలేదు. ఒక్క షరతు మాత్రం పెట్టాడు. ఈ పాటలో డ్రమ్స్ తను వాయించినవే ఉండాలి, తప్పులున్నా సరే.

వచ్చే ఆదివారం జామ్ రూమ్ 3 గంటలకి బుక్ చేశారు. నేను ఇక్కణ్ణుంచి వీడియో కాల్‌లో ఉంటాను. డబ్బాలో ఇప్పుడు 2,300 రూపాయలున్నాయి.