జట్టు ఎవరిది? — పరదేశ యాజమాన్యము కొఱకు ఎదురుచూచిన ఫుట్‌బాలు అభిమానులు

పొలమునకు యజమాని యుండును. అంగడికి యజమాని యుండును. దేవాలయమునకు మాత్రము యజమాని యుండడు, ధర్మకర్త యుండును. ఆస్తి దేవునిది, ఉత్సవము ఊరివారిది, లెక్క చెప్పవలసిన బాధ్యత ధర్మకర్తది. ఫుట్‌బాలు జట్టును ఈ రెండింటిలో దేనితో పోల్చవలెను? చట్టము దానిని అంగడిగా నెంచుచున్నది. అభిమానులు దానిని ఆలయముగా నెంచుచున్నారు. ఈ రెండు దృష్టులకు నడుమ గల వైరుధ్యము జట్టును అమ్మకమునకు పెట్టిన దినమున బయటపడును. నేడు బళ్ళారి యువకులు సయితము ఇంగ్లండు దేశపు పోటీలను రాత్రి మేలుకొని చూచుచున్నారు. కావున ఈ విషయమును కొంత విచారించుట అప్రస్తుతము కాజాలదు.

1. పూర్వపు జట్లు

మన తెలుగునాట ఫుట్‌బాలు మిక్కిలి వెలుగొందిన కాలమున జట్టును కొనుట, అమ్ముట అను మాటయే లేదు. హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదు సంవత్సరములు బొంబాయి రోవర్సు కప్పును గెలిచినది. దానికి శిక్షకుడైన సయ్యద్ అబ్దుల్ రహీమ్ భారత జట్టును 1956లో మెల్బోర్ను ఒలింపిక్సున నాలుగవ స్థానమునకును, 1962లో జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకమునకును చేర్చెను. ఆ జట్టు పోలీసు శాఖది. ఇతర జట్లు రైల్వేలవి, మిల్లులవి, బ్యాంకులవి. ఆటగానికి ఉద్యోగము, శాఖకు కీర్తి, అంతియే లెక్క.

ఆ పద్ధతికిని లోపము లేకపోలేదు. శాఖకు ఆసక్తి తగ్గిననాడు జట్టు క్షీణించును. మిల్లునకు ఇష్టము లేనినాడు జట్టు అంతరించును. మొట్టమొదటి జాతీయ ఫుట్‌బాలు లీగును గెలిచిన పంజాబులోని జె.సి.టి. మిల్లు జట్టు 2011లో మూతపడినది. అప్పుడును అభిమానుల నడిగినవారు లేరు.

2. క్లబ్బు చేతులు మారు విధము

ఇంగ్లండులోని పెద్ద క్లబ్బులు చిరకాలము నుండి కంపెనీలుగా నమోదైనవి. వాటాలలో అధికభాగము ఎవరి చేతనున్నదో వారే యజమానులు. కొనదలచినవాడు మొదట అమ్మువానితో ధర కుదుర్చుకొనును. క్లబ్బునకు గల అప్పులను తాను మోయుదునని ఒప్పుకొనును. పిదప లీగు వారి పరీక్షకు నిలువవలెను. ధనము ఎచ్చటిది, నేరచరిత్ర గలదా, తెరవెనుక నిజమైన అధికారి ఎవరు అను ప్రశ్నలకు సమాధానము చెప్పవలెను. ఈ పరీక్ష ముగియువఱకు అభిమానులకు నిరీక్షణయే గతి.

పరదేశీయులు ఏల కొందురు? 1992లో ప్రీమియర్ లీగు ఏర్పడిన పిమ్మట టెలివిజను హక్కుల వలన వచ్చు రాబడి ఎంతయో పెరిగినది. కొందఱకు అది లాభాపేక్ష. కొందఱకు తమ సరకు పేరు లోకమున వ్యాపింపజేయు ప్రకటన. కొన్ని రాజ్యములకు కీర్తి సంపాదనము. అభిమానికి వీనిలో నేదియు పట్టదు. జట్టు గెలువవలెనని మాత్రమే అతని కోరిక. అందువలననే ఉన్న యజమాని పిసినారి యైనచో, రాబోవువాడు ఎవ్వడైనను రక్షకుని వలె కనబడును.

3. న్యూకాసిలు వారి నిరీక్షణ

ఈ నిరీక్షణకు ప్రసిద్ధమైన ఉదాహరణము న్యూకాసిల్ యునైటెడ్ క్లబ్బు. 1955లో ఎఫ్.ఎ. కప్పును గెలిచిన పిదప ఇంగ్లండులోని పెద్ద పోటీలలో దేనియందును ఆ జట్టునకు విజయము లేకపోయెను. 2007లో దానిని కొనిన మైక్ ఆష్లీ అను వర్తకునిపై అభిమానులకు ఆగ్రహము మిక్కుటముగా నుండెను. 2020 ఏప్రిలులో సౌదీ అరేబియా ప్రభుత్వ పెట్టుబడి నిధి, మఱి యిద్దఱు భాగస్వాములు కలిసి సుమారు 30 కోట్ల పౌనులకు క్లబ్బును కొనబోవుచున్నారను వార్త వచ్చెను. ఊరంతయు ఉత్సాహపడినది.

కాని లీగువారి అనుమతి రాలేదు. నిధి వేఱు, సౌదీ రాజ్యము వేఱు అని నమ్ముట ఎట్లు అనునది ప్రధానమైన చిక్కు. ఆటల ప్రసారహక్కులు గల ఖతారు సంస్థకును సౌదీ వారికిని గల వివాదము మఱియొక చిక్కు. మానవహక్కుల సంఘములు సౌదీ ప్రభుత్వపు నడవడిని చూపి ఈ క్రయమును నిరసించినవి. 2020 జూలై చివర కొనువారు విరమించుకొన్నట్లు ప్రకటించిరి. అభిమానులు తమ ఆశను విడువక లేఖలు వ్రాసిరి, ప్రజాప్రతినిధుల నాశ్రయించిరి. తుదకు ప్రసారవివాదము సమసి, రాజ్యము క్లబ్బుపై పెత్తనము చేయదని హామీ లభించిన మీదట 2021 అక్టోబరు 7వ తేదీన అనుమతి వచ్చెను. నాటి సాయంకాలము వేలకొలది జనము ఆటస్థలము ముందు గుమిగూడి నృత్యము చేసిరి. కొందఱు అరబ్బు తలపాగలు సయితము ధరించిరి.

2025 మార్చిలో న్యూకాసిలు లీగు కప్పును గెలిచినది. 70 సంవత్సరముల కొఱత తీరినది. ఐనను, ఎవరి ధనముతో గెలిచితిమి అను ప్రశ్న అచ్చటి అభిమానులలోనే కొందఱిని నేటికిని బాధించుచున్నది. నిరీక్షణ ఫలించుట వేఱు. మనస్సు నిశ్చింతగా నుండుట వేఱు.

4. బ్లాక్‌బర్నునకు వెళ్ళిన మనవారు

పై కథలో పరదేశీయుడు అరబ్బు. బ్లాక్‌బర్ను కథలో పరదేశీయులు మనవారే. తెలుగువాడు ఈ ప్రశ్నను రెండవ వైపు నుండి చూడవలసిన తావు ఇదియే.

బ్లాక్‌బర్న్ రోవర్సు 1875లో పుట్టిన క్లబ్బు. 1888లో ఫుట్‌బాలు లీగును స్థాపించిన 12 క్లబ్బులలో నొకటి. బ్లాక్‌బర్ను నూలు మిల్లుల పట్టణము. ఆ ఊరివాడే యైన జాక్ వాకర్ ఉక్కు వ్యాపారమున గడించిన ధనమును తన చిన్ననాటి జట్టుపై కుమ్మరించెను. 1995లో జట్టు ప్రీమియర్ లీగు విజేత యయ్యెను. 2000లో ఆయన మరణించెను. పిదప క్లబ్బు ఆయన కుటుంబపు ట్రస్టు ఆధీనమున నుండెను. తగిన కొనుగోలుదారు కొఱకు ట్రస్టువారును, కొత్త ధనము కొఱకు అభిమానులును ఎదురుచూచిరి.

2010 నవంబరులో వెంకటేశ్వర హేచరీస్ సంస్థ, వాడుకలో 'వెంకీస్', 2 కోట్ల 30 లక్షల పౌనుల ధరకు దానిని కొనెను. అప్పులు అదనము. ఈ సంస్థ స్థాపకుడు డాక్టరు బి.వి. రావుగారు. ఆయన హైదరాబాదులో కోళ్ళ పెంపకమున అడుగుపెట్టి, పూణే కేంద్రముగా దానిని మహాపరిశ్రమగా పెంచిన ప్రజ్ఞాశాలి. మన గ్రుడ్ల రైతులకు నేటికిని ధర చెప్పు సమన్వయ సంఘము ఏర్పడుటలో ఆయన కృషి గణనీయము. ఆయన సంతతి క్లబ్బును కొనగా, ప్రీమియర్ లీగులో భారతీయుల చేతికి వచ్చిన మొదటి క్లబ్బు బ్లాక్‌బర్ను అయ్యెను. మన పత్రికలు గర్వించినవి.

తరువాతి కథ దుఃఖకరము. కొనిన నెలలోపలనే అనుభవజ్ఞుడైన శిక్షకుడు శామ్ అలర్డైసును తొలగించిరి. 2012 మే 7వ తేదీన, సొంత మైదానమున విగన్ జట్టుతో నోడి, బ్లాక్‌బర్ను ప్రీమియర్ లీగు నుండి జాఱిపోయెను. ఆ ఆట జరుగుచుండగా ఎవరో క్లబ్బు పతాకమును చుట్టిన కోడిని మైదానములోనికి వదలిరి. యజమానుల వృత్తిని ఎగతాళి చేయుటయే దాని భావము. 2017లో జట్టు మూడవ శ్రేణికి దిగి, మఱుసటి యేట తిరిగి రెండవ శ్రేణికి వచ్చెను.

యజమానులు ధనము పెట్టలేదనుట న్యాయము కాదు. ఏటేటా నష్టమును భరించుచు కోట్లకొలది పౌనులు వెచ్చించినారు. అభిమానుల ఫిర్యాదు ధనమును గూర్చి కాదు, దూరమును గూర్చి. యజమాని ఊరికి రాడు, మాటాడడు, అడిగినదానికి బదులు చెప్పడు అని వారి బాధ. జాక్ వాకర్ కూడ ధనికుడే. కాని ఆయన ఆట చూచుటకు వచ్చి అభిమానులతో పాటు ఆనందించెను, దుఃఖించెను. ధనము సముద్రము దాటి పోగలదు, పొరుగుతనము దాటలేదు.

5. మన దేశమున

మన దేశమునకును పరదేశ యాజమాన్యము వచ్చినది. 2014లో ఇండియన్ సూపర్ లీగు ప్రారంభమైనది. 2019 నవంబరులో అబూధాబీ వారి ధనముతో నడచు సిటీ ఫుట్‌బాల్ సంస్థ ముంబయి జట్టులో నూటికి 65 వంతులు కొనెను. 2020-21లో ఆ జట్టు లీగునందు అగ్రస్థానమును, కప్పును రెండును సాధించినది. కాని 2025 డిసెంబరులో, లీగు భవిష్యత్తే సందేహాస్పదమైన వేళ, ఆ సంస్థ తన వాటాను విడిచి వెడలిపోయెను. దూరమునుండి వచ్చినవాడు దూరమునకే పోవుట వింత కాదు.

హైదరాబాదు కథ మనకు మఱింత దగ్గఱిది. 2019లో పూణే జట్టు అంతరింపగా, దాని స్థానమున హైదరాబాదు ఎఫ్.సి. పుట్టెను. 2022 మార్చి 20వ తేదీన గోవాలో కేరళ జట్టును పెనాల్టీలలో ఓడించి విజేత యయ్యెను. ఆ విజయమునకు రెండేండ్లు నిండకమునుపే జీతములు చెల్లింపలేని స్థితి వచ్చెను. ఆటగాండ్రు ఒక్కొక్కరుగా విడిచిపోయిరి. కొనువాడు ఎవడైన వచ్చునా యని అభిమానులు నెలల తరబడి ఎదురుచూచిరి. 2024లో బి.సి. జిందాల్ సంస్థ కొనెను. పేరు ఒకటే యైనను తోరణగల్లు ఉక్కు సంస్థ వేఱు. అభిమానులు ఊపిరి పీల్చుకొనిరి. 2025లో ఆ జట్టునే ఢిల్లీకి తరలించి, పేరు మార్చిరి.

ఇందులో గమనింపదగిన న్యాయమొకటి గలదు. పూణేవారు పోగొట్టుకొన్నదానినే హైదరాబాదువారు పొందిరి. హైదరాబాదువారు పోగొట్టుకొన్నదానినే ఢిల్లీవారు పొందిరి. ఆ ఢిల్లీ వారి మొదటి జట్టు 2019లోనే భువనేశ్వరమునకు తరలిపోయి యుండెను. ఒక ఊరి పండుగ మఱియొక ఊరి సూతకము. కొనువాని కొఱకు ఎదురుచూచు అభిమాని, రాబోవువాడు జట్టును నిలుపునా, మోసికొనిపోవునా అని అడుగవలసి యున్నది.

6. బళ్ళారి దృష్టి

బళ్ళారి జిల్లాకును ఈ విషయముతో సంబంధము కలదు. 2013లో బెంగుళూరు ఎఫ్.సి.ని స్థాపించినది తోరణగల్లులో ఉక్కు కర్మాగారమును నడపు జె.ఎస్.డబ్ల్యు. సంస్థయే. ఆ జట్టు మొదటి యేటనే ఐ-లీగును గెలిచెను. 2018-19లో సూపర్ లీగును గెలిచెను. కర్మాగారపు విజయనగర్ కాలనీలో 2018లో క్రీడాశిక్షణాలయము వెలసినది. అంతటి బలము గల జట్టే 2025 ఆగస్టులో, లీగు జరుగునో లేదో తెలియక, ఆటగాండ్రకును సిబ్బందికిని జీతములు నిలిపివేయుచున్నట్లు ప్రకటించెను. యజమాని బలవంతుడైనంత మాత్రమున జట్టునకు భద్రత కలిగినట్లు కాదని దీనివలన తేలుచున్నది.

ఇంతకంటె లోతైన సంబంధము మఱియొకటి గలదు. తమను గూర్చిన నిర్ణయము ఎచ్చటనో జరుగుచుండగా ఎదురుచూచుట ఎట్టిదో బళ్ళారి తెలుగువారికి తెలియును. 1953లో వాంఛూ గారి నివేదిక, పిదప బళ్ళారి తాలూకాను గూర్చి మిశ్రా గారి నివేదిక వచ్చువఱకు ఈ జిల్లావారు వేచియుండిరి. ఆ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకును, తక్కిన జిల్లా మైసూరునకును చేరినవి. 1955లో రాష్ట్రముల పునర్విభజన సంఘము కొంత భాగమును ఆంధ్రమునకు తిరిగి ఈయవలెనని చెప్పగా మఱల నిరీక్షణ. అది అమలు కాలేదు.

పరిపాలన మారినది, భాష మారలేదు. ధర్మవరము రామకృష్ణమాచార్యులు, కోలాచలము శ్రీనివాసరావు గార్ల నాటకములు, బళ్ళారి రాఘవ నటన ఈ ఊరి సొత్తుగనే నిలిచినవి. కన్నడ సోదరులతో కలిసి మెలిసి జీవించుచునే ఇచ్చటి తెలుగువారు తమ పలుకును నిలుపుకొనిరి. దీనికి జనుల పట్టుదలతో పాటు చట్టము కూడ తోడ్పడినది. అల్పసంఖ్యాక భాషలవారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించు వసతులు కల్పింపవలెనని 1956లో రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేరినది. సరిహద్దును గూర్చి మాట చెల్లనివారికి బడిని గూర్చి మాట చెల్లినది. ఫుట్‌బాలు అభిమానికి కావలసినదియు ఇట్టి రక్షణయే.

7. రక్షణ మార్గములు

జర్మనీ దేశమున 1998 నుండి ఒక నియమము గలదు. క్లబ్బు పెట్టుబడిదారులకు వాటాలు అమ్మవచ్చును. కాని ఓట్లలో సగమునకు మించి సభ్యుల సంఘము చేతనే యుండవలెను. కొన్ని మినహాయింపులున్నను, ఊరివారి సమ్మతి లేక క్లబ్బు పరుల పాలు కాదు. ఇంగ్లండులో వింబుల్డన్ క్లబ్బును మిల్టన్ కీన్సునకు తరలించుటకు 2002లో అనుమతి లభింపగా, అభిమానులు ఆ యేటనే తమ సొంత క్లబ్బును దిగువ శ్రేణి నుండి ప్రారంభించి పైకి తెచ్చిరి. 2025 జూలైలో ఆ దేశపు పార్లమెంటు ఫుట్‌బాలు పరిపాలన చట్టమును చేసి, స్వతంత్ర నియంత్రణాధికారిని ఏర్పఱచినది. యజమానుల అర్హతను పరీక్షించుటయే గాక, క్లబ్బు చిహ్నము, రంగులు, మైదానము మొదలగువానిని ఇష్టము వచ్చినట్లు మార్చకుండ కాపాడుట కూడ దాని ధర్మము.

మన దేశమున ఇట్టి చట్టము లేదు. చట్టము వచ్చునందాక అభిమానులు చేయదగినది సంఘముగా నేర్పడుట, కొనువానిని ప్రశ్నించుట, మాటకు పత్రము కోరుట. ఎదురుచూచుట మాత్రమే అభిమానము కాదు. వచ్చువాడు స్వదేశీయుడా, పరదేశీయుడా అనునది రెండవ ప్రశ్న. వాడు యజమానిగా వచ్చుచున్నాడా, ధర్మకర్తగా వచ్చుచున్నాడా అనునది మొదటి ప్రశ్న. న్యూకాసిలు వారు గెలిచియు, బ్లాక్‌బర్ను వారు ఓడియు, హైదరాబాదువారు జట్టునే పోగొట్టుకొనియు మనకు నేర్పిన పాఠము ఇదియే.